దిక్కు తెలిసినంత మాత్రాన ఇల్లు తెలిసినట్టు కాదు



మన గ్రూపులో పది రోజులుగా రెండు మాటలు తిరుగుతున్నాయి. మొదటి మాట: తలా ఇంత వేసుకుని చాల్ టెర్రస్ మీద సిగ్నల్ బూస్టర్ పెట్టించుకుందాం అని. రెండో మాట: మొన్న యాంటెన్నా పట్టుకుని వచ్చినవాళ్ళు ఫలానా బిల్డింగు వైపు చూపించారు కాబట్టి, మన గల్లీలో కాల్స్ తెగిపోవడానికి కారణం ఆ బిల్డింగువాళ్ళే అని. మొదటిది మంచి ఉద్దేశంతో అంటున్న మాట. రెండోది కోపంతో అంటున్న మాట. మేము రెండింటికీ ఒప్పుకోవడం లేదు. ఎందుకో చెప్పాలంటే కొంచెం పొడుగవుతుంది. చాయ్ దగ్గర పెట్టుకుని చదవండి.

ముందు బాధ సంగతి. అది అబద్ధం కాదు. ఫాక్‌లాండ్ రోడ్డు మీద నిలబడితే ఫోనులో నిండా గీతలు కనిపిస్తాయి. అదే ఫోను పట్టుకుని లోపలి ఖోలీలోకి వెళ్తే ఒక గీత, ఒక్కోసారి అదీ ఉండదు. గ్యాస్ బండ తెచ్చిన కుర్రాడు మెట్ల దగ్గర నిలబడి ఓటీపీ అడుగుతాడు. ఆ ఓటీపీ లోపలికి రాదు. ముసలమ్మలు గ్యాలరీ చివరికి పోయి చెయ్యి పైకెత్తి నిలబడాలి. ఊళ్ళో ఉన్న కూతురు ఫోన్ చేస్తే అందుబాటులో లేరని వస్తుంది, అక్కడ ఆ పిల్ల గాభరా పడుతుంది. పునర్నిర్మాణం కాగితాల మాటలు నడుస్తున్న ఈ రోజుల్లో ఒక్క కాల్ తప్పిపోతే ఎంత నష్టమో అందరికీ తెలుసు. లామింగ్టన్ రోడ్డు మనకు కూతవేటు దూరం. "కాకా, నాలుగైదు వేలు పెడితే ఫుల్ టవర్ వస్తది" అని మన కుర్రాళ్ళు అనడంలో ఆశ్చర్యం లేదు.

అయితే ఆ డబ్బా చేసే పని ఏమిటో చూడండి. పైన ఒక యాంటెన్నా, లోపల ఒక యాంటెన్నా, మధ్యలో ఆంప్లిఫయర్. టవర్ మాట పెద్దది చేసి మనకు ఇస్తుంది, మన మాట పెద్దది చేసి టవర్‌కు ఇస్తుంది. చిక్కంతా రెండో పనిలో ఉంది. టవర్ ఎంతోమంది ఫోన్లు నెమ్మదిగా చెప్పే మాటలు వినాలని చెవి రిక్కించి కూర్చుంటుంది. మన డబ్బా మన మాటతో పాటు గోలను కూడా పెద్దది చేసి దాని చెవిలో పోస్తుంది. పై యాంటెన్నా, లోపలి యాంటెన్నా దగ్గరగా ఉంటే, పెళ్ళిలో మైకు స్పీకరు ముందుకు వచ్చినప్పుడు కూ అని అరిచినట్టు, డబ్బా కూడా అరవడం మొదలుపెడుతుంది. మన చాళ్ళలో దగ్గరగా కాక ఇంకెలా ఉంటాయి? ఆ అరుపు మన చెవులకు వినిపించదు. చుట్టుపక్కల గల్లీలవాళ్ళ ఫోన్లకు మాత్రం టవర్ చెవిటిదైపోతుంది. మన ఖోలీలో ఓటీపీ రావాలని పక్క గల్లీలో అంబులెన్స్ కాల్ ఆపుతామా?

చట్టం సంగతి కూడా ఉంది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం కాలం నుంచి అనుమతి లేకుండా ఇలాంటి పరికరం పెట్టుకోవడం నేరమే. 2023లో వచ్చిన టెలికమ్యూనికేషన్ల చట్టంలోనూ నేరమే. దుకాణంలో అమ్ముతున్నారు కదా అంటారు. అమ్మేవాడు బిల్లు ఇవ్వడు. కొన్నవాడికి టెర్రస్ ఉంటుంది. పట్టుబడేది టెర్రసే.

ఎలా పట్టుబడుతుంది అన్నదే ఈ వ్యాసంలో అసలు విషయం. గాలిలో వచ్చే తరంగం ఏ దిక్కు నుంచి వచ్చిందో కనిపెట్టే శాస్త్రం ఒకటి ఉంది. అది చాలా దూరం ఎదిగింది. ఎంత ఎదిగినా దానికి ఒక హద్దు ఉంది. ఆ ఎదుగుదలా తెలియాలి, హద్దూ తెలియాలి. ఒకటి తెలియక బూస్టర్ పెడతాం, ఇంకొకటి తెలియక పక్కవాణ్ణి దొంగ అంటాం.

బొంబాయికి ఈ వేట కొత్త కాదు. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా పిలుపు వచ్చిన కొద్దిరోజులకే, 27వ తేదీన, 42.34 మీటర్ల మీద రహస్య కాంగ్రెస్ రేడియో మొదలైంది. నడిపినవాళ్ళలో ముఖ్యురాలు ఉషా మెహతా, అప్పటికి 22 ఏళ్ళ అమ్మాయి. పోలీసుల దగ్గర దిక్కు కనిపెట్టే వ్యాన్లు ఉన్నాయని తెలుసు కాబట్టి ట్రాన్స్‌మిటర్‌ను ఒకచోట ఉంచేవాళ్ళు కాదు. చౌపాటీ, వాల్కేశ్వర్, లాబర్నమ్ రోడ్, శాండ్‌హర్స్ట్ రోడ్, గిర్గావ్ అంటూ ఇళ్ళు మారుస్తూ పోయారు. మన దగ్గర నుంచి ఇవన్నీ నడిచో, ఒక బస్సెక్కో పోయే చోట్లు. చివరికి నవంబర్ 12న గిర్గావ్‌లోని పరేఖ్ వాడీలో పట్టుబడ్డారు. ఉషా మెహతాకు నాలుగేళ్ళ జైలు పడింది. ఇందులో మనకు కావలసిన విషయం ఒకటుంది. వ్యాన్లు నెలల తరబడి తిరిగాయి. కానీ ఇల్లు పట్టిచ్చింది లోపలి మనిషి, ఒక టెక్నీషియన్ అని ఉషా మెహతాయే తర్వాత చెప్పారు. దిక్కు యంత్రానికి తెలిసింది. ఇల్లు మనిషి చెబితేనే తెలిసింది.

ఆనాటి యంత్రం చాలా సాదా. తీగను చక్రంలా చుట్టి తిప్పుతారు. చక్రం ఒక వైపు తిరిగినప్పుడు స్టేషన్ గట్టిగా వినిపిస్తుంది, ఇంకో వైపు తిరిగినప్పుడు వినిపించడం ఆగిపోతుంది. గట్టిగా వినిపించే చోటు ఎక్కడో కచ్చితంగా చెప్పడం కష్టం. వినిపించడం ఆగిపోయే చోటు మాత్రం సూదిమొనలా తెలుస్తుంది. దాన్ని బట్టి ఒక గీత గీస్తారు. వ్యాన్ ఇంకో చోటికి పోయి ఇంకో గీత గీస్తుంది. రెండు గీతలు కలిసిన చోట స్టేషన్ ఉన్నట్టు. ఒక గీత ఉంటే ఆ గీత మీద ఉన్న వందల ఇళ్ళలో ఏదైనా కావచ్చు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, చివరికి మళ్ళీ దీనితోనే పని.

ఇప్పటి పద్ధతి వేరు. చక్రం తిప్పరు, యాంటెన్నాలు వరుసగా నిలబెడతారు. తరంగం ఏటవాలుగా వస్తే ఒక యాంటెన్నాకు ముందు తగులుతుంది, పక్కదానికి కాస్త ఆలస్యంగా తగులుతుంది. ఆ ఆలస్యాన్ని బట్టి దిక్కు చెప్పవచ్చు. కాస్త అంటే ఎంతో చూడండి. 900 మెగాహెర్ట్జ్ మొబైల్ తరంగం పొడవు సుమారు 33 సెంటీమీటర్లు. యాంటెన్నాల మధ్య దూరం అందులో సగం, అంటే 16.7 సెంటీమీటర్లు పెడతారు. అంతకంటే ఎడం పెడితే రెండు వేర్వేరు దిక్కులు ఒకేలా కనిపించే ప్రమాదం ఉంది. తరంగం ఎదురుగా కాకుండా 30 డిగ్రీలు పక్కకు వస్తే రెండో యాంటెన్నా చేరడానికి 8.3 సెంటీమీటర్లు ఎక్కువ నడవాలి. దానికి పట్టే కాలం సెకనులో 360 కోట్ల వంతు. ఏ గడియారమూ అంత సూటిగా కొలవక్కర్లేదు. తరంగం ఎగుడుదిగుళ్ళలో ఎంత వెనకబడిందో చూస్తే చాలు. ఇక్కడ సరిగ్గా పావు చుట్టు వెనకబడుతుంది. 1942లో 42 మీటర్ల తరంగానికి ఇలాంటి వరుస కట్టాలంటే యాంటెన్నాకూ యాంటెన్నాకూ మధ్య 21 మీటర్లు కావాలి, మైదానం కావాలి. ఇప్పుడు వరుస మొత్తం ఒక బల్ల మీద పడుతుంది.

ఒకే ఫోను మాట్లాడుతుంటే ఇంతే లెక్క. పది ఫోన్లు ఒకేసారి మాట్లాడితే? 1979లో అమెరికాలో రాల్ఫ్ ష్మిట్ అనే ఇంజనీరు ఒక పద్ధతి చెప్పాడు. దాని పేరు మ్యూజిక్, పాటలతో సంబంధం లేదు. యాంటెన్నాలకు వచ్చినదాంట్లో సిగ్నల్ భాగాన్నీ గోల భాగాన్నీ వేరు చేసి, గోలలో ఏ దిక్కు అసలు కనిపించదో ఆ దిక్కునే సిగ్నల్ వస్తోందని తేలుస్తుంది. చక్రంలో వినిపించని చోటు వెతికిన తెలివే ఇది, లెక్కల్లోకి ఎక్కింది. ఆ తర్వాత ఎస్ప్రిట్ అనే ఇంకో పద్ధతి వచ్చింది. దాన్ని తెచ్చినవాళ్ళలో ఒకరు థామస్ కైలాత్, మన పుణేలో పుట్టి అక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన మలయాళీ. మ్యూజిక్ పద్ధతికి చెల్లెలు లాంటి రూట్ మ్యూజిక్ ఎంత సూటిగా పనిచేస్తుందో 1989లో లెక్కకట్టి చెప్పినవాళ్ళు భాస్కర్ రావు, కె.వి.ఎస్. హరి. హరి ఉస్మానియాలో చదివారు, బెంగళూరు ఐఐఎస్సీలో ప్రొఫెసరుగా పనిచేశారు. హైదరాబాద్‌లో డిఫెన్స్ ఎలక్ట్రానిక్స్ రీసెర్చ్ లాబొరేటరీ చేసే పనిలో ఇది పెద్ద భాగం. అంటే ఇది ఎక్కడో పరాయి విద్య కాదు. మనవాళ్ళు చేతులు పెట్టిన విద్యే.

ఇక మన గల్లీకి వద్దాం. మ్యూజిక్ బాగా పనిచేయాలంటే ఒక షరతు ఉంది. వచ్చే సిగ్నళ్ళు ఒకదానితో ఒకటి సంబంధం లేనివై ఉండాలి. కామాటిపుర గల్లీలో అలా ఉంటాయా? బిల్డింగులు ముఖాముఖి, మధ్యలో చెయ్యి చాపితే అందేంత సందు. పైన రేకుల షెడ్లు, నీళ్ళ ట్యాంకులు, ఇనుప జాలీలు, ఆరేసిన బట్టల కింద ఇనుప కమ్మీలు. ఒక ఫోను మాట్లాడితే ఆ మాట సూటిగా ఒక దారిలో, ఎదురు గోడకు కొట్టుకుని ఇంకో దారిలో, రేకుకు తగిలి మూడో దారిలో వస్తుంది. ముగ్గురు మనుషులు కారు, ఒకే మనిషి మూడు అద్దాల్లో. అప్పుడు మ్యూజిక్ తికమక పడుతుంది. మూడింటినీ విడదీయలేక నడుమ ఏదో ఒక దిక్కు చూపిస్తుంది, లేదా అద్దాన్నే మనిషి అంటుంది. ప్లే హౌస్ అన్న మాట ఈ గోడలకు కొట్టుకుని కొట్టుకుని పీలా హౌస్ అయింది. అసలు మాట ఏదో తెలియనివాడు పసుపు ఇల్లు ఎక్కడా అని వెతుకుతాడు. మన గల్లీలో యంత్రం పరిస్థితి కూడా అంతే.

దీనికి పెద్ద మందు ఉంది. దిక్కులను ఒక్కొక్కటిగా కాదు, అన్నిటినీ కలిపి ఒకేసారి ఊహించాలి. "ఈ మూడు దిక్కుల నుంచి వచ్చి ఉంటే యాంటెన్నాలకు ఇలా తగలాలి, నిజంగా ఎలా తగిలింది?" అని పోల్చాలి. ఏ ఊహ అన్నిటికంటే బాగా సరిపోతే అదే జవాబు. అద్దాల గొడవకు కూడా ఈ పద్ధతి తట్టుకుంటుంది. చిక్కు ఊహల లెక్కలో ఉంది. 180 డిగ్రీలలో డిగ్రీకి ఒకటి చొప్పున చూస్తే రెండు దిక్కుల జతలు 16,110. మూడు దిక్కులైతే 9,55,860. నాలుగైతే 4 కోట్ల 22 లక్షల పైన. డిగ్రీలో పదో వంతు దాకా కావాలంటే నాలుగు దిక్కులకు 43 వేల కోట్ల ఊహలు దాటుతాయి. ఒక్కొక్కటి పోల్చుతూ కూర్చుంటే ఈలోగా ఫోను మాట్లాడినవాడు కాల్ పెట్టేసి భోంచేసి పడుకుంటాడు.

పోనీ ఒక ఊహతో మొదలుపెట్టి, సరిపోలిక పెరిగే వైపు కొంచెం కొంచెం జరుగుతూ పోదామా? దాంట్లోనూ మోసం ఉంది. మలబార్ హిల్ ఎక్కాలని బయలుదేరి, కళ్ళకు గంతలు కట్టుకుని, నేల ఎత్తు పెరిగే వైపే అడుగులు వేస్తూ పోతే, కంబాలా హిల్ నెత్తికెక్కి ఇదే అన్నిటికంటే ఎత్తు అని ఆగిపోవచ్చు. నాలుగు వైపులా పల్లమే, ఇక ఎటు పోవాలి?

ఇక్కడే జీవపరిణామం లెక్క అక్కరకొస్తుంది. ఒక మనిషిని కాదు, యాభైమందిని బొంబాయి అంతా చల్లండి. ప్రతివాడూ ఒక ఊహ. ఎవరు ఎత్తులో ఉన్నారో చూడండి. ఎత్తులో ఉన్న ఇద్దరి ఊహలు కలిపి పిల్ల ఊహను పుట్టించండి, ఒకరి నుంచి మొదటి దిక్కు, ఇంకొకరి నుంచి రెండో దిక్కు. అక్కడక్కడ పిల్లల్లో కొంచెం మార్పు రానివ్వండి, లేకపోతే అందరూ ఒకేలా అయిపోతారు. పల్లంలో ఉన్నవాళ్ళను తప్పించండి. ఇలా వంద తరాలు నడపండి. మొత్తం ఐదు వేల ఊహలు చూసినట్టు. 43 వేల కోట్లు ఎక్కడ, ఐదు వేలు ఎక్కడ! ఈ దారికి జన్యు పద్ధతి అని పేరు. 1975లో జాన్ హాలండ్ పుస్తకంతో ఇది గట్టిపడింది. 1995లో కెన్నెడీ, ఎబర్‌హార్ట్ అనే ఇద్దరు పక్షుల గుంపును చూసి ఇంకో పద్ధతి అల్లారు. అందులో ప్రతి పక్షీ తాను చూసిన మంచి చోటునూ గుంపు చూసిన మంచి చోటునూ గుర్తుపెట్టుకుని ఎగురుతుంది. మన పద్మశాలీలు ఎంతోమంది ఉన్న సూరత్‌లో, అక్కడి ఎన్ఐటీలో రావిపూడి వెంకటరావు అనే ప్రొఫెసరు ఉన్నారు. తరగతిలో గురువు నుంచి, తోటి పిల్లల నుంచి పిల్లలు నేర్చుకునే తీరును 2011లో ఆయన బృందం ఇలాంటి లెక్కగా మార్చింది. 2016లో జయ అని ఇంకొకటి తెచ్చారు. మంచివాడి వైపు జరుగు, చెడ్డవాడికి దూరం జరుగు, అంతే దాని సారం. మన పెద్దలు పిల్లలకు చెప్పే మాటే.

ఇంతవరకు వింటే యంత్రం గెలిచినట్టే అనిపిస్తుంది. ఇక హద్దు సంగతి వినండి. ఈ పరిణామ పద్ధతులు వేగంగా మంచి జవాబు తెస్తాయి. ఇదే అన్నిటికంటే మంచి జవాబు అని హామీ మాత్రం ఇవ్వవు. ఇవాళ నడిపితే ఒక దిక్కు, మళ్ళీ నడిపితే కొంచెం వేరే దిక్కు రావచ్చు. అందుకే తెలిసినవాళ్ళు ఒక్కసారి నడిపి ఊరుకోరు. చాలాసార్లు నడిపి జవాబులు ఒకచోటికి చేరుతున్నాయా అని చూస్తారు. గల్లీలో నిలబడి తెర మీద ఒక్క బాణం చూసిన మనవాడికి ఇదంతా కనిపించదు. బాణం కనిపిస్తుంది, అంతే.

ఇంకో హద్దు ఉంది. అది ఏ పద్ధతి వాడినా దాటలేనిది. దాన్ని కనుక్కున్నది మన తెలుగాయన. కల్యంపూడి రాధాకృష్ణారావు, సి.ఆర్. రావు అంటే ప్రపంచమంతా తెలుసు. 1920లో హడగలిలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నంలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల ఎం.ఏ. చేసి కలకత్తా వెళ్ళారు. అక్కడ పాఠం చెబుతుంటే ఒక విద్యార్థి ప్రశ్న అడిగాడు. ఆ విద్యార్థి వి.ఎం. దాండేకర్, తర్వాత పుణేలో పెద్ద ఆర్థికవేత్త అయిన మరాఠీ మనిషి. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ రావుగారు తేల్చినది 1945లో అచ్చయింది. విడిగా స్వీడన్‌కు చెందిన క్రామర్ కూడా దాన్నే చెప్పడంతో క్రామర్-రావు హద్దు అని పేరు వచ్చింది. దాని అర్థం ఇది: నీ చేతిలో ఉన్న కొలతల్లో ఎంత సమాచారం ఉందో, నీ అంచనా అంతకంటే సూటిగా ఉండదు, నువ్వు ఎంత తెలివైన పద్ధతి వాడినా సరే. దిక్కు కనిపెట్టే పద్ధతులు రాసేవాళ్ళందరూ మా పద్ధతి ఆ హద్దుకు ఎంత దగ్గరగా వచ్చిందో గీత గీసి చూపించుకుంటారు. నాలుగు రెట్లు నమూనాలు తీసుకుంటే పొరపాటు సగానికి తగ్గుతుంది, సున్నా కాదు. రావుగారు 2023 ఆగస్టులో 102 ఏళ్ళకు కన్నుమూశారు. మన పిల్లల్లో ఎంతమందికి ఆ పేరు తెలుసు?

ఇప్పుడు మన గల్లీలో జరిగిన దానికి ఈ లెక్క పెట్టండి. వచ్చినవాళ్ళు రోడ్డు మీద ఒకే చోట నిలబడి కొలిచారు. కొంతసేపటికి బాణం ఆ బిల్డింగు మూడో మాలా వైపు తిరిగింది. వాళ్ళు రాసుకుని పోయారు, ఇంకా ఏమీ తేల్చలేదు. తేల్చింది మనవాళ్ళే. ఆ కుటుంబాన్ని రెండు రోజులు మాటలన్నారు. వాళ్ళ అమ్మాయి నీళ్ళ దగ్గరికి కూడా రావడం మానేసింది. మేము టెర్రస్ ఎక్కి చూశాం. అక్కడ డబ్బా లేదు, తీగ లేదు. కొత్తగా వేసిన రేకుల షెడ్డు ఉంది, ఎండకు మెరుస్తోంది. రేకు వైర్‌లెస్ తరంగానికి అద్దం. ఎదురు వరుసలో ఏ టెర్రస్ నుంచి వచ్చిన తరంగమైనా ఆ రేకుకు తగిలి కిందికి దిగితే, కింద నిలబడినవాడికి అది ఆ బిల్డింగు నుంచే వచ్చినట్టు ఉంటుంది. వాళ్ళదే అని మేము అనం, కాదని కూడా యంత్రం బదులు మేము తీర్పు చెప్పం. ఒక్క గీతతో ఎవరి ఇల్లూ తేలదు అంటున్నాం.

రైల్వేలో పార్సిల్ పోయిందని ఫిర్యాదు వస్తే మేము ఒక స్టేషన్ రిజిస్టరు చూసి బాధ్యత రాసేవాళ్ళం కాదు. ఎక్కించిన చోట చూడాలి, దించవలసిన చోట చూడాలి, మధ్యలో బండి మార్చిన చోట చూడాలి. మూడు రిజిస్టర్లు ఒకటే మాట చెబితే అప్పుడు పేరు రాయాలి. ఒక గుమస్తా ఉద్యోగం పోయే విషయంలో అంత జాగ్రత్త ఉంటే, ఒక కుటుంబం పరువు విషయంలో అంతకంటే తక్కువ ఉండాలా?

ఇంకో మాట. ఇది కొంచెం కష్టంగా ఉంటుంది, అయినా రాయాలి. ఫాక్‌లాండ్ రోడ్డు అని అడ్రసు చెప్పగానే ముఖం మారే మనుషులను మనం అందరం చూశాం. ఇప్పుడు పఠే బాపూరావ్ మార్గ్ అని రాసినా మారుతుంది. ఉద్యోగానికి వెళ్ళిన పిల్లవాడికి, సంబంధం చూసిన ఆడపిల్లకు, బ్యాంకులో లోను అడిగిన తండ్రికి ఇది అనుభవమే. ఈ ఊరి గోడలు కట్టడానికి వచ్చిన కామాటీల పేరే ఈ పేటకు పెట్టారు. ఆ సంగతి ఎవరూ అడగరు. ఎటు నుంచి వచ్చావో చూసి నువ్వెవరో తేల్చేస్తారు. ఆ అన్యాయం రుచి తెలిసినవాళ్ళం మనం. అదే పని ఎదురింటివాళ్ళకు మనమే చేస్తే ఇక ఎవరిని తప్పు పడతాం?

కాబట్టి సంఘం ముందు మా మాటలు ఇవి.

1. టెర్రస్ మీద బూస్టర్ వద్దు. ఎవరైనా ఇప్పటికే పెట్టుకుని ఉంటే పేరు అడగం, స్విచ్ తీసేసి దించేయండి. చుట్టుపక్కలవాళ్ళ కాల్స్ బాగుపడతాయో లేదో అందరం చూద్దాం.

2. ఈలోగా చేయగలిగింది ఉంది. బ్రాడ్‌బ్యాండ్ ఉన్న ఇళ్ళలో ఫోను సెట్టింగులో వై-ఫై కాలింగ్ ఆన్ చేస్తే చాలా ఫోన్లలో లోపలి ఖోలీలో కూడా కాల్ వస్తుంది. ఒక మాలాకు ఒక కనెక్షన్ తీసుకుని పంచుకోవడం బూస్టర్ కంటే చవక, నేరమూ కాదు. ఫోనులో ఎలా చేయాలో తెలియని పెద్దవాళ్ళకు మన యువకులు ఆదివారం ఇంటింటికీ వెళ్ళి చేసి పెట్టాలి.

3. ఫిర్యాదు గ్రూపులో కాదు, కంపెనీకి రాయాలి. ప్రతి ఇంటివాళ్ళూ తమ కంపెనీకి ఫిర్యాదు చేసి నంబరు తీసుకోవాలి. ఆ నంబర్లన్నీ సంఘం ఒకచోట చేర్చి, ఈ గల్లీలకు చిన్న టవర్లు కావాలని అడగాలి. 2022 అక్టోబర్ 1న దేశంలో 5జీ మొదలైంది. ఆ టవర్ల గొప్పే వరుస యాంటెన్నాలు. ఫోను ఎటు ఉందో చూసి అటే సిగ్నల్ పంపగలవు. ఆ తెలివి మలబార్ హిల్‌కే ఎందుకు, మన గల్లీకి కూడా రావాలి.

4. ఈసారి కొలిచేవాళ్ళు వస్తే సంఘం తరఫున ఇద్దరు వెంట ఉండాలి. మర్యాదగా సహకరించాలి. కనీసం మూడు చోట్ల నుంచి, వీలైతే టెర్రస్ ఎత్తులో కూడా కొలవమని అడగాలి. ఏ చోట నుంచి ఏ దిక్కు వచ్చిందో కాగితం మీద రాయించుకోవాలి. అధికారులు స్వయంగా వెళ్ళి పరికరం చూసేదాకా గ్రూపులో ఎవరి పేరూ రాయకూడదు.

5. పునర్నిర్మాణం మాట వచ్చినప్పుడు మనం ఎన్ని చదరపు అడుగులు అని మాత్రమే అడుగుతున్నాం. లోపల సిగ్నల్ ఎలా వస్తుందని కూడా అడగాలి. కాంక్రీటు, ఇనుము, అద్దం కలిసిన ఎత్తు బిల్డింగులో ఇప్పటికంటే తక్కువ వచ్చినా రావచ్చు. కట్టడాలకు డిజిటల్ సౌకర్యాన్ని బట్టి రేటింగ్ ఇచ్చే నిబంధనలు ట్రాయ్ 2024లో తెచ్చింది. మన కాగితాల్లో ఆ మాట ఉండాలి.

6. చివరిది పిల్లల సంగతి. మేము చదువుకున్నది తమిళ మీడియంలో. సైన్, కాస్ తమిళంలోనే నేర్చుకున్నాం, అందువల్ల సైన్ మారిపోలేదు. మన పిల్లలు మరాఠీలో చదివినా ఇంగ్లీషులో చదివినా ఈ విద్య అందుతుంది, ఇంటి భాషలో ఒకసారి విడమరిచి చెప్పేవాళ్ళు ఉంటే. దీనికి వైర్‌లెస్ లైసెన్సు కూడా అక్కర్లేదు. 1000 హెర్ట్జ్ శబ్దం గాలిలో పోయేటప్పుడు దాని తరంగం పొడవు సుమారు 34 సెంటీమీటర్లు, దాదాపు మొబైల్ తరంగం అంతే. అంటే నాలుగు మైకులు 17 సెంటీమీటర్ల ఎడంతో ఒక కర్రకు కట్టి, నాలుగింటినీ కలిపి రికార్డు చేసే పెట్టె ఒకటి, ఒక పాత లాప్‌టాప్ పెట్టుకుంటే అదే లెక్క శబ్దంతో చేయవచ్చు. సంఘం హాల్లో ఒక మూల ఈల లాంటి శబ్దం మోగించి ఎటు నుంచి వచ్చిందో పిల్లలచేత కనిపెట్టించవచ్చు. తర్వాత గోడ దగ్గర ఒక రేకు నిలబెట్టి, యంత్రం ఎలా తడబడుతుందో వాళ్ళ కళ్ళతోనే చూపించవచ్చు. యాభై ఊహలతో జన్యు పద్ధతి నడిపించి, తడబాటు ఎంత తగ్గిందో కొలిపించవచ్చు. ఈ వేసవి సెలవుల్లో పెడదాం. మైకుల ఖర్చుకు మా వంతు మేము వేస్తాం. పాఠం చెప్పడానికి ఇంజనీరింగ్ చదువుతున్న మన పిల్లలు ఇద్దరు ముందుకు వస్తే చాలు.

బూస్టర్‌కు వేసుకుందామన్న డబ్బు ఈ క్లాసుకు సరిపోతుంది. వచ్చే ఆదివారం మీటింగులో ఆరు మాటలూ చర్చకు పెట్టమని కార్యదర్శిగారిని కోరుతున్నాం. ఒప్పుకోనివాళ్ళు అక్కడికి వచ్చి కారణం చెప్పండి, వింటాం. అంతవరకు మూడో మాలావాళ్ళతో ఎప్పటిలాగే మాట్లాడండి. నీళ్ళ దగ్గర ఆ అమ్మాయి కనిపిస్తే ముందు మీరే పలకరించండి.